కోచబాంబాలో మా అబ్బాయికి అన్నం పెట్టిన ఇళ్ళకు వెళ్తున్నాము, పెద్దలు సలహా చెప్పగలరు

ప్రశ్న: కడియం ఆడపడుచు

అందరికీ వందనాలు. మా పుట్టినూరు గోదావరి ఒడ్డున కడియం. పెళ్ళయిన రెండో ఏడు నుంచి అమెరికాలోనే ఉంటున్నాము, ప్రస్తుతం అరిజోనాలో. మేము యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి చెందినవాళ్ళము. మా అబ్బాయి 19వ ఏట మిషనరీగా పిలుపు అందుకుని, బొలీవియా దేశంలోని కోచబాంబా నగరంలో రెండేళ్ళు సేవ చేసి, నిరుడు వేసవిలో ఇంటికి వచ్చాడు.

వాడు వచ్చిన రోజు రాత్రి ఉతకడానికి పెట్టెలోని బట్టలు తీస్తుంటే ఒక తెల్లచొక్కా దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. కాలర్ అరిగిపోతే కుట్టు విప్పి, అరిగిన వైపు లోపలికి పోయేలా తిప్పి, మళ్ళీ కుట్టారు. దారం తెలుపు కాదు, లేత పసుపు. కుట్లు చిన్నచిన్నగా, ఒకదానిని ఆనుకుని మరొకటి, ఎక్కడా ముడి కనబడకుండా ఉన్నాయి. మా నాన్నగారి చొక్కాలకు మా అమ్మ ఇలాగే కాలర్ తిప్పి కుట్టేది గాని, నాకు ఆ పని రాదు. ఎవరు కుట్టారని అడిగితే "మమిత కుట్టిందమ్మా" అన్నాడు. మిషనరీలకు మధ్యాహ్నం భోజనం వండిపెట్టే ఆవిడను అక్కడ పిల్లలందరూ అలా పిలుస్తారట, మనం "అమ్మా" అన్నట్టుగా. వాడికి కడుపులో జబ్బు చేసి వారం రోజులు లేవలేనప్పుడు కూడా ఆవిడే గంజి కాచి పోసిందని అప్పుడే తెలిసింది. ప్రతి సోమవారం వీడియోలో మాట్లాడేవాడు, ఈ సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఆవిడను కళ్ళారా చూడాలని, చేతులు పట్టుకుని కృతజ్ఞత చెప్పుకోవాలని నా మనసు కొట్టుకుంటోంది. జూన్ రెండో వారంలో పన్నెండు రోజులకు బయలుదేరుదామని అనుకున్నాము. మావారు, నేను, అబ్బాయి, పదహారేళ్ళ అమ్మాయి వెళ్తాము. 68 ఏళ్ళ మా అమ్మ మే నెలలో మా దగ్గరకు వస్తోంది. మనవడి సంగతి విన్న దగ్గర నుంచి తానూ వస్తానని పట్టుబడుతోంది. అమ్మకు రక్తపోటు ఉంది, రోజూ మాత్ర వేసుకుంటుంది. అంత ఎత్తున ఉన్న ఊరికి తీసుకువెళ్ళడం క్షేమమేనా అన్నది నా మొదటి సందేహం. అమ్మ గొడ్డుమాంసం తినదు. ప్రేమగా వండి పెట్టిన ఇంట్లో అది ఎలా చెప్పాలో కూడా తెలియడం లేదు.

కానుకల విషయంలో మావారికీ నాకూ మాట కలవడం లేదు. వాడు సేవ చేసిన కుటుంబాలలో చాలామంది నగరం దక్షిణ భాగంలో, కొళాయి నీళ్ళు లేని కొండవాలు బస్తీలలో ఉంటారు. చేతిలో కొంత డబ్బు పెట్టి రావడమే వాళ్ళకు ఉపయోగమని ఆయన అంటారు. అన్నం పెట్టిన తల్లికి డబ్బిస్తే లెక్క తీర్చినట్టవుతుందని నా బాధ.

చివరిది అసలైన బెంగ. ఒక కుటుంబం పేరు ఎత్తితే మా అబ్బాయి ముఖం వాడిపోతుంది. వాళ్ళకు వాడే బోధించాడు, వాడి చేతుల మీదుగానే బాప్తిస్మం జరిగింది, ఏడాది తిరగకుండా వాళ్ళు సంఘానికి రావడం మానేశారు. "ఆ వీధికి మాత్రం వద్దమ్మా" అంటున్నాడు. తీసుకువెళ్ళమని బలవంతం చేయాలా, వదిలేయాలా?

ఇలా పిల్లలు సేవ చేసిన ఊళ్ళకు వెళ్ళివచ్చిన తల్లిదండ్రులు, ఆ ప్రాంతం తెలిసినవాళ్ళు దయచేసి మీ అనుభవం చెప్పండి.

సమాధానం: శాంతాక్రూజ్ పాతకాపు

అమ్మా, నేను ఉద్యోగరీత్యా ఆరేళ్ళు బొలీవియాలో, ఎక్కువ భాగం శాంతాక్రూజ్‌లో ఉన్నాను. కోచబాంబాకు లెక్కలేనన్నిసార్లు వెళ్ళాను. ముందుగా మీ అమ్మగారి విషయం చెబుతాను, ఎందుకంటే అక్కడ తప్పు చేస్తే మిగతా ప్రయాణమంతా ఆసుపత్రి చుట్టూ తిరుగుతుంది.

కోచబాంబా సముద్రమట్టానికి సుమారు 2,560 మీటర్ల ఎత్తున ఉంది. మన ఊటీ కంటే దాదాపు 300 మీటర్లు ఎక్కువ. రక్తపోటు అదుపులో ఉన్న పెద్దవాళ్ళు వైద్యుడిని అడిగి, మొదటి రెండు రోజులు నెమ్మదిగా నడిచి, నీళ్ళు బాగా తాగితే సాధారణంగా ఇబ్బంది పడని ఎత్తు అది. ప్రమాదం ఊరిలో లేదు, దారిలో ఉంది. లాపాజ్ మీదుగా టికెట్ తీసుకుంటే మీరు దిగేది ఎల్ ఆల్తో విమానాశ్రయంలో, అది 4,060 మీటర్లు, అంటే లేహ్ పట్టణం కంటే కూడా అర కిలోమీటరు పైన. విమానం తలుపు తీసిన క్షణం నుంచే ఊపిరి చాలనట్టు ఉంటుంది. కనుక టికెట్ నాలుగు డబ్బులు ఎక్కువైనా శాంతాక్రూజ్‌లో దిగండి. అది పల్లపు ప్రాంతం. ఒక రాత్రి అక్కడ పడుకుని, మరునాడు గంటలోపు విమానంలో కోచబాంబా చేరుకోవచ్చు. ఎత్తుకు వాడే ఎసిటజోలమైడ్ మాత్రలు అమ్మగారు వేసుకునే రక్తపోటు మందుతో సరిపడతాయో లేదో ఆమె వైద్యుడే చెప్పాలి, ఎవరో ఇచ్చారని వేయకండి.

రెండోది ఎల్లో ఫీవర్ టీకా. కోచబాంబా నగరం ఆ దోమ బెడద లేని ఎత్తులో ఉన్నా, శాంతాక్రూజ్ ఆ జ్వరం ఉన్న ప్రాంతమే. పైగా బొలీవియా నుంచి వచ్చేవాళ్ళను భారతదేశం టీకా పత్రం అడుగుతుంది. ఆ దేశం విడిచి ఆరు రోజులు దాటకుండా పత్రం లేకుండా దిగితే విమానాశ్రయం దగ్గరే వేరుగా ఉంచేస్తారు. టీకా వేసుకున్న పదవ రోజు నుంచి ఆ పత్రం చెల్లుతుంది, ఒకసారి వేసుకుంటే జీవితాంతం పనికివస్తుంది. అయితే 60 ఏళ్ళు దాటినవాళ్ళకు మొదటిసారి ఈ టీకా వేసేటప్పుడు దుష్ఫలితాల ప్రమాదం కొంత ఎక్కువ కనుక, వేయించాలా, లేక మినహాయింపు పత్రం తీసుకోవాలా అన్నది వైద్యుడు ఆమెను చూసి నిర్ణయించాలి. అమ్మగారు బయలుదేరకముందే హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో సంప్రదిస్తే అక్కడ ఈ టీకా వేస్తారు. వీసా నిబంధనలు భారత పాస్‌పోర్టుకు వేరు, అమెరికా పాస్‌పోర్టుకు వేరు. అవి మధ్యమధ్య మారుతుంటాయి కూడా, కనుక బొలీవియా కాన్సులేట్‌కు ఈమెయిల్ రాసి, జవాబును ముద్రించి వెంట ఉంచుకోండి.

జూన్ ఎంచుకోవడం మంచిపని. మే నుంచి అక్టోబరు వరకు వాన ఉండదు. పగలు మన సంక్రాంతి ఎండలా హాయిగా ఉంటుంది గాని, చీకటి పడగానే చలి ఎముకల్లోకి దిగుతుంది. ఇళ్ళలో వెచ్చదనానికి హీటర్లు ఉండవు, అమ్మగారికి ఉన్ని శాలువా, మేజోళ్ళు తప్పనిసరి. డాలర్లు మడత పడని, మరక లేని కొత్త నోట్లే తీసుకువెళ్ళండి, చిరుగు కనబడితే అక్కడ ఎవరూ పుచ్చుకోరు. పన్నెండు రోజులలో రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా వదలండి. అక్కడ రాస్తారోకోలు మామూలు విషయం. రోడ్డు మీద రాళ్ళు, టైర్లు అడ్డం పెట్టారంటే ఆ పూట ఎవరూ కదలరు, విమానాశ్రయానికి నడిచి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు.

సమాధానం: తిరిగి వచ్చిన సిస్టర్

ఆంటీ గారూ, నమస్తే. మా అమ్మావాళ్ళది విశాఖపట్నం, నేను పుట్టి పెరిగింది టెక్సాస్‌లో. పెరూ దేశంలోని అరెకీపాలో పద్దెనిమిది నెలలు మిషనరీగా ఉన్నాను. తిరిగి వచ్చిన మరుసటి ఏడాది అమ్మానాన్నలను అక్కడికి తీసుకువెళ్ళాను. మీ ప్రశ్న చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకంటే మా అమ్మ కూడా మీ చొక్కా లాంటి వస్తువు ఒకటి, అంటే నా గొడుగు, పట్టుకుని అక్కడికి వచ్చింది.

మొదట చెప్పవలసినది మీ అబ్బాయి గురించి. ఆ పన్నెండు రోజులూ తనే మీకు నోరు, తనే చెవులు. ఒక ఇంట్లో రెండు గంటలు కూర్చుంటే మీ నలుగురి మాటలూ స్పానిష్‌లోకి, వాళ్ళ పదిమంది మాటలూ తెలుగులోకి, పెద్దవాళ్ళు అక్కడి ఆదివాసీ భాష కెచువాలో మాట్లాడితే అది ఎవరో స్పానిష్‌లో చెప్పాక మళ్ళీ తెలుగులోకి మార్చాలి. నాకు మూడో రోజుకు నోట మాట రాలేదు, రాత్రి గదిలో ఊరికే ఏడ్చాను. రోజుకు రెండిళ్ళకు మించి పెట్టుకోకండి. మధ్యాహ్నం భోజనమే అక్కడ అసలు భోజనం, మొదట సూప్, తర్వాత పళ్ళెం. ఒకే రోజు రెండిళ్ళలో భోజనానికి ఒప్పుకున్నారంటే రెండో ఇంటివాళ్ళను నొప్పించక తప్పదు. ఒక ఇంటికి భోజనానికి, రెండో ఇంటికి సాయంత్రం వెళ్ళండి. ఆదివారం ఆరాధనకు ముందుగా వెళ్తే మంచిది. అందరూ అక్కడే కనిపిస్తారు, ఎవరి ఇంటికి ఎప్పుడు రావాలో వాళ్ళే తమలో తాము మాట్లాడుకుని చెబుతారు. కోచబాంబాలో మన దేవాలయం కూడా ఉంది కదా, 2000 ఏప్రిల్ 30న ప్రతిష్ఠ జరిగింది. ఆ ఆవరణలో సాయంత్రాలు కుటుంబాలు కూర్చుని ఉంటాయని అక్కడ సేవ చేసిన నా స్నేహితురాలు చెప్పింది. అమ్మమ్మ గారికి మెట్లు, కొండలు లేకుండా అందరినీ కలుసుకోవడానికి అది బాగుంటుంది.

అమ్మమ్మ గారి తిండి గురించి మీరు సిగ్గుపడకండి, కాకపోతే పళ్ళెం ముందుకు వచ్చాక చెప్పకూడదు. రెండు రోజుల ముందే మీ అబ్బాయి చేత వాట్సాప్‌లో పంపించండి. సిల్పాంచో అనే వంటకంలో అన్నం, బంగాళాదుంప ముక్కల మీద పలచగా దంచిన గొడ్డుమాంసం పరిచి గుడ్డు వేస్తారు. వేరుశెనగ సూప్‌లో కూడా ఎముక వేసి మరిగించడం మామూలే. ముందుగా చెబితే కోడితో చేస్తారు, లేదా ఉడికించిన దుంపలు, మొక్కజొన్న కంకి, తాజా జున్ను పెడతారు. ఎంత పెడితే అంతా తినలేకపోతే దాచుకోవడానికి సంచి అడగండి, మిగిల్చి లేవడం కంటే ఇంటికి పట్టుకెళ్ళడం వాళ్ళకు ఆనందం.

ఇప్పుడు ఆ కుటుంబం సంగతి. మా నాన్న మంచి మనిషి, కాని మేము వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ "సంఘానికి వెళ్తున్నారా?" అని అడిగారు, నా చేత అడిగించారు. ఒక ఇంట్లో ఆ ప్రశ్నకు తల్లి తలవంచుకుంది, పిల్లలు లేచి బయటికి వెళ్ళిపోయారు. నాకు ఆ తలవంపు ఇప్పటికీ గుర్తుంది. మిషనరీగా ఉన్నప్పుడు మేము ఎంతమందికి బోధించామో, ఎంతమంది నిలిచారో తెలియకుండానే లెక్క వేసుకుంటాము. నిలవనివాళ్ళందరూ మన లోపం వల్లే వెళ్ళిపోయారని అనిపిస్తుంది. మీ అబ్బాయి ముఖం వాడిపోవడం అందుకే అయి ఉంటుంది, వాళ్ళ మీద కోపం వల్ల కాదు. బలవంతం చేయకండి, వదిలేయనూ వద్దు. "వాళ్ళు నీకు అన్నం పెట్టారా?" అని మాత్రం అడగండి. పెట్టి ఉంటే, మీరు వెళ్తున్నది అన్నం పెట్టిన ఇళ్ళకు కనుక, ఆ ఇల్లు కూడా ఆ వరుసలోదే. తలుపు తట్టి, పలకరించి, సంఘం ఊసు ఎత్తకుండా తిరిగి రావచ్చు.

సమాధానం: విచారణ గురువు తమ్ముడు

సోదరికి నమస్కారాలు. మేము గుంటూరు జిల్లా కతోలికులము. మా అన్నయ్య గురువుగా శాంతాక్రూజ్‌కు తూర్పున, పాత జెస్విట్ మిషన్ గ్రామాల ప్రాంతంలో చాలా ఏళ్ళు సేవ చేశారు. మీ సంఘం వేరు, మాది వేరు అయినా, మన ఇంటి బిడ్డను పరాయి దేశం తన బిడ్డగా చూసుకున్న కథ ఒకటే కనుక రాస్తున్నాను.

కానుకల విషయంలో మా అనుభవం చేదుగా ఉంది. మేము మొదటిసారి వెళ్ళినప్పుడు రెండు పెద్ద పెట్టెల నిండా చీరలు, బొమ్మలు, గడియారాలు తీసుకువెళ్ళి, ఎదురైనవాళ్ళకల్లా పంచాము. మేము తిరిగి వచ్చాక మూడు నెలలు ఎవరికి ఏం వచ్చింది, ఎవరికి రాలేదు అన్న మాటలతో అన్నయ్యకు తలనొప్పి అయింది. వంటామెకు ఇచ్చినది ఉపదేశికి ఇవ్వలేదని ఒకరు మాట్లాడడమే మానేశారు. తప్పు వాళ్ళది కాదు. మేము దాతలలా వెళ్ళాము, వాళ్ళు చుట్టాల కోసం ఎదురుచూశారు.

రెండోసారి వెళ్ళినప్పుడు అన్నయ్య చెప్పినట్టు చేశాము. ఆయనతో వాళ్ళు దిగిన ఫొటోలన్నీ ఏరి, మంచి కాగితం మీద పెద్దవిగా ముద్రించి, ప్రతి ఇంటికీ ఒకటి ఇచ్చాము. ఫోనులో వంద ఫొటోలున్నా గోడకు తగిలించుకునే ఫొటో ఆ ఇళ్ళలో తక్కువ. మా అమ్మ ప్రతి ఇంటికీ ఒకే రకం మంగళగిరి నూలు తువ్వాలు, పిల్లలున్న ఇంటికి ఏటికొప్పాక లక్క బొమ్మ ఒకటి ఇచ్చింది. భోజనానికి వెళ్ళేటప్పుడు దారిలో నూనె, పంచదార, పండ్లు కొనుక్కుని వంటింట్లో పెట్టి వచ్చాము. డబ్బు ఇవ్వాలని మీవారి మనసులో ఉంటే తప్పేమీ లేదు, కాని భోజనం చేసిన రోజు, ఆ గడపలో ఇవ్వకండి. ఎవరి బిడ్డ చదువుకో, ఎవరి వైద్యానికో అవసరం ఉందని తెలిస్తే, తిరిగి వచ్చాక మీ అబ్బాయి ద్వారా నిదానంగా పంపవచ్చు. విత్తనాలు, మొక్కలు, పచ్చి సరుకులు మాత్రం తీసుకువెళ్ళకండి, అటు నుంచి తేకండి. కడియం వాళ్ళకు చేతులు ఊరుకోవని తెలుసు కనుక చెబుతున్నాను.

ఇంకొక్క మాట, మనసులో పెట్టుకోకండి. ఆ దేశంలో అత్యధికులు కతోలికులు. ఒక కుటుంబంలో ఒకరు మీ సంఘంలో చేరి, మిగతావాళ్ళు పాత విశ్వాసంలో ఉన్న ఇళ్ళు మీకు ఎదురవుతాయి. మీ అబ్బాయి కోచబాంబా పక్కనున్న కియ్యాకొయ్యోలో కూడా ఉన్నాడంటే, ఆ ఊరి ఉర్కుపీన్యా మరియమాత పండుగ గురించి విని ఉంటాడు. ఆగస్టు నెల మధ్యలో లక్షల మంది నడిచి వస్తారు. కొండ మీది రాతిని పగులగొట్టి ఒక ముక్కను అమ్మ దగ్గర అప్పుగా తీసుకుని, మరుసటి ఏడాది తిరిగి తెచ్చి అప్పగిస్తారు. మా గుణదల తిరునాళ్ళకు వెళ్ళినవాళ్ళకు ఆ భక్తి వెంటనే అర్థమవుతుంది. మీకు అది మీ పద్ధతి కాకపోయినా, మీకు అన్నం పెట్టే ఇంటి నాయనమ్మ గూట్లో ఆ రాయి ఉంటే గౌరవంగా చూడండి. మా అన్నయ్య అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం అదేనని చెబుతారు.

కడియం ఆడపడుచు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. శాంతాక్రూజ్ మీదుగా టికెట్లు తీసుకున్నాము. అమ్మకు వైద్యుడు అన్ని పరీక్షలూ చేసి టీకా వేయించుకోవచ్చన్నారు, ఆ పని హైదరాబాద్‌లోనే అయిపోయింది. మావారు తమ్ముడుగారి మాట రెండుసార్లు చదివి, "ఫొటోలు ముద్రించే పని నాకు వదిలెయ్యి" అన్నారు. అబ్బాయిని సిస్టర్ గారు చెప్పిన ప్రశ్నే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ప్రతి గురువారం పెట్టేవాళ్ళు" అన్నాడు. ఆ ఫొటో కూడా ముద్రించమని నాన్నకు చెప్పాడు.

కడియం ఆడపడుచు (వెళ్ళివచ్చిన తర్వాత)

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. మేము క్షేమంగా వెళ్ళి, క్షేమంగా వచ్చాము. అమ్మకు మొదటి రోజు కాస్త తలనొప్పి తప్ప ఏ ఇబ్బందీ కలగలేదు, ఊరు చూసి "పూలు మన కడియంలోలాగే ఉన్నాయే" అని ఆశ్చర్యపోయింది. కొండ మీద ఉన్న 34 మీటర్ల క్రీస్తు విగ్రహం దగ్గరకు తీగబండిలో వెళ్ళి నగరమంతా చూశాము. కాని నేను రాయాలనుకున్నది ఇళ్ళ గురించి.

మమిత ఇల్లు దక్షిణ భాగంలో, షేర్ ఆటోలా తిరిగే త్రూఫీ దిగాక ఇరవై నిమిషాలు ఎక్కవలసిన వాలులో ఉంది. ఇంటి ముందు నీలం రంగు పీపాలు రెండు ఉన్నాయి. వాటిని నింపే ట్యాంకరు వారంలో రెండుసార్లు వస్తుంది. నీటి సరఫరాను ప్రైవేటు సంస్థకు అప్పగించి ధరలు పెంచితే 2000లో ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి ఆ ఒప్పందాన్ని రద్దు చేయించిందని మావారు చదివి చెప్పారు. ఆ పోరాటం జరిగి ఇన్నేళ్ళయినా ఈ వాలు మీదికి గొట్టం రాలేదు. చేతులు కడుక్కోమని ఆవిడ చెంబుతో నీళ్ళు పోస్తుంటే, ఆ నీళ్ళు కింద పెట్టిన బేసిన్‌లో పడి, తర్వాత మొక్కలకు వెళ్ళడం మా అమ్మాయి కళ్ళార్పకుండా చూసింది. ఆ రోజు నుంచి ఇంట్లో కొళాయి తెరిచి వదిలేయడం మానేసింది.

పెరట్లో రాతి పలక ఒకటి ఉంది, బతాన్ అంటారు. లొకోతో అనే గుండ్రటి మిరపకాయ, టమాటా, కిల్కిన్యా అనే వాసన ఆకు వేసి దాని మీద ల్యహ్వా నూరుతారు. అది అచ్చంగా మన రోటిపచ్చడి. అమ్మ సన్నికల్లు అనుకుని పై రాతిని ముందుకూ వెనక్కూ తోయబోయింది, కదల్లేదు. ఆ రాయి అర్ధచంద్రాకారంలో ఉంటుంది, తొయ్యకూడదు, ఊయలలా అటూ ఇటూ ఊపాలి. మమిత వెనక నిలబడి అమ్మ రెండు చేతుల మీద తన చేతులు వేసి ఊపింది. నాలుగైదుసార్లకు అమ్మకు పట్టు దొరికింది. ఒకరికి తెలుగు తప్ప రాదు, మరొకరికి కెచువా, స్పానిష్ తప్ప రావు. అబ్బాయి అనువాదం చేయబోతే అమ్మే "నువ్వూరుకో బాబూ" అంది. భోజనానికి పచ్చి వేరుశెనగపప్పు నూరి కాచిన సూప్, మాకోసమని కోడితో చేసింది. వేరుశెనగ పుట్టిల్లు ఆ దేశపు దక్షిణ ప్రాంతమేనని మావారు చెబితే, అనంతపురంలో చదువుకున్న నేను ఆ గిన్నెను ఇంకోలా చూశాను.

గురువారాల ఇంటికి కూడా వెళ్ళాము. ఆయన గేటు దగ్గరే నిలబడి మాట్లాడారు, లోపలికి రమ్మనలేదు. ముభావంగా లేరు, మా అబ్బాయి భుజం మీద చెయ్యి తీయలేదు. ఫొటో అందుకుని చాలాసేపు చూశారు. భార్య లా కాంచా బజారుకు వెళ్ళిందని, రేపు రమ్మని చెప్పారు. మరునాడు రాస్తారోకో, త్రూఫీలు తిరగలేదు. ఆ తర్వాతి రోజే మా ప్రయాణం. మళ్ళీ ఎప్పుడైనా వెళ్ళాలని వాడు అంటున్నాడు.

లా కాంచాలో ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. బఠాణీలు కొన్నాక అమ్మ అలవాటుగా చెయ్యి చాచి నిలబడింది. అమ్మే ఆవిడ నవ్వి "యాపా" అంటూ ఇంకో పిడికెడు వేసింది. కొసరుకు వాళ్ళ మాట అది. అమ్మ ఆ ఒక్క మాటా నేర్చుకుని మిగతా రోజులంతా బజారులో దానితోనే గడిపింది.

తిరిగి వచ్చేలోపు ఇంకోసారి మమిత దగ్గరకు వెళ్ళాము. ఆ చొక్కా తీసి చూపించాను. కాలర్ వేళ్ళతో తడిమి, తెల్లదారం అయిపోయిందని, కూతురి బడి సంచీ కుట్టగా మిగిలిన దారం వాడానని, ఏమనుకోవద్దని ఆవిడే నన్ను క్షమించమంది. నాకు నోట మాట రాలేదు. తర్వాత లోపలికి వెళ్ళి ఒక బడి నోటుపుస్తకం తెచ్చింది. ఇన్నేళ్ళుగా తన దగ్గర భోజనం చేసిన మిషనరీలందరి పేర్లు అందులో ఉన్నాయి. ఒక్కొక్క పేరు ఎదురుగా పుట్టినరోజు, తినకూడని వస్తువు, చివరన తల్లి పేరు. బొలీవియాలో తల్లుల పండుగ మే 27న. 1812లో అదే రోజున స్పెయిన్ సైన్యానికి ఎదురు నిలిచి ప్రాణాలిచ్చిన కోచబాంబా ఆడవాళ్ళ పేరున జరుపుకుంటారు. ఏటా ఆ రోజు ఆ తల్లులందరి పేర్లూ పైకి చదివి ప్రార్థన చేస్తుందట. మా వాడి పేరు ఎదుట "కారం ఎక్కువ" అని ఉంది, పక్కన నా పేరు, రెండు అక్షరాలు తప్పుగా. సరిదిద్దమని పెన్ను చేతికిచ్చింది. స్పానిష్ అక్షరాలలో సరిచేసి, పక్కన తెలుగులో కూడా రాశాను. ఆవిడ ఆ అక్షరాల గుండ్రదనం చూసి, మా అమ్మ వైపు చూపించి, ఆమె పేరు కూడా రాయమంది.